నెపోలియన్ కాలపు ఫ్రెంచి ఫిరంగి బండికి ఏ పచ్చ వేయాలి?

గోదారి గట్టు · జూలై 5, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలాకాలంగా చదువరిగానే ఉన్నాను, రాయడం ఇదే మొదలు. మూడు నెలల క్రితం 28 మిల్లీమీటర్ల ఫ్రెంచి పాద ఫిరంగిదళపు ప్లాస్టిక్ బొమ్మల పెట్టె ఒకటి కొన్నాను. మూడు తోపులనూ వాటిని పేల్చే గోలందాజులనూ తయారు చేసుకుని, 1809లో నెపోలియన్‌కూ ఆస్ట్రియాకూ జరిగిన వాగ్రాం యుద్ధాన్ని బల్ల మీద ఆడాలని నా కోరిక. మనుషుల సంగతి ఎలాగో గట్టెక్కింది గానీ, బండ్ల దగ్గర చతికిలబడ్డాను. పెట్టె మీది చిత్రంలో బండి ముదురు ఆకుపచ్చగా కనిపించింది కదా అని, అంగట్లో ముదురు ఆకుపచ్చ సీసా కొని వేశాను. ఆరాక చూస్తే అచ్చం రామచిలుక. గొట్టానికి వేసిన బంగారు రంగేమో పెళ్ళిమండపం స్తంభంలా మెరుస్తోంది. మా మేనల్లుడు చూసి, "ఇది ట్రాక్టరా మామయ్యా?" అని అడిగాడు.

అసలు ఆ బండ్ల రంగు ఏమిటి, ఇనుప పట్టీలకు వెండి రంగు వేయాలా నలుపు వేయాలా, గొట్టం కంచులా కనిపించాలంటే ఏం చేయాలి అన్నవి దయచేసి చెప్పగలరు. ఫోటో జతచేశాను, నవ్వకండి.

తోపుఖానా · జూలై 5, రాత్రి 10:03

గోదారి గట్టు గారూ, స్వాగతం. పొరపాటు మీ చేతిది కాదు, సీసా మీద రాసిన పేరుది. ఫ్రెంచివారు బండి చెక్కకు పూసిన రంగు ఆకుపచ్చ పొడితో చేసినది కాదు. ఫ్రెంచి సేనాని గ్రిబోవాల్ రూపొందించగా 1765లో ఆమోదం పొందిన తోపుల పద్ధతి బండ్లకు పసుపు ఓకర్ మన్నులో కొద్దిపాటి నలుపు కలిపిన నూనెరంగు వేసేవారు. పసుపులో నలుపు పడితే గోధుమరంగు బురద తయారవుతుందని మనం అనుకుంటాం గానీ, మసి నలుపులో దాగి ఉండే నీలిఛాయ వల్ల ఆ మిశ్రమం పచ్చబారి, ఆలివ్ కాయ రంగుకు వస్తుంది. ఓకర్ చవక, ఎండవానలకు తట్టుకుంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది. వేల బండ్లకు రంగు వేయవలసిన ఆయుధాగారానికి అంతకన్నా ఏం కావాలి?

ఈ విషయంలో మన భాష మనకు అనుకూలమే. 'పచ్చ' అన్న మాట పసుపుకూ చెల్లుతుంది, ఆకుకూ చెల్లుతుంది. ఫ్రెంచి బండి రంగు సరిగ్గా ఆ రెండు పచ్చల నడుమ నిలబడుతుంది కాబట్టి, దుకాణంలో ఆకుపచ్చ అడగడం మానేసి, పసుపుపచ్చ నుంచి ప్రయాణం మొదలుపెట్టండి.

ఇనుము విషయంలో సందేహం అక్కరలేదు, నలుపే. తుప్పు పట్టకుండా ఇనుప భాగాలన్నిటికీ నల్లరంగు పూసేవారు. మీరు కొన్న సీసాను మాత్రం పారబోయకండి. రష్యా బండ్లు నిజమైన ఆకుపచ్చవే, వాటికి పనికొస్తుంది. ఆస్ట్రియా వారు ఓకర్ పసుపును దాదాపు అలాగే ఉంచుకున్నారు, ప్రష్యా వారు నీలం వేశారు, బ్రిటిష్ వారు నీలిఛాయ గల బూడిదరంగు వేశారు. ఈ నాలుగు దేశాల్లోనూ ఇనుము నలుపే గనుక, బల్ల మీద దూరం నుంచి చూసినా చెక్క రంగును బట్టే తోపు ఎవరిదో పోల్చుకోవచ్చు.

బందరు కుంచె · జూలై 5, రాత్రి 10:41

చరిత్ర తోపుఖానా గారు చెప్పారు కాబట్టి నేను వంటింటి మాట చెబుతాను. గోంగూరను పొయ్యి మీద పెట్టినప్పుడు గమనించారా? పచ్చిగా ఉన్నప్పుడు కళ్ళు జిగేలుమనే ఆకుపచ్చ, నాలుగు నిమిషాలు మగ్గేసరికి పసుపూ గోధుమా కలిసిన మందమైన పచ్చ. మీ బండి ఇప్పుడు పచ్చి గోంగూర, అది మగ్గిన గోంగూర కావాలి.

నా పద్ధతి ఇది. వాలెహో వారి పసుపు ఓకర్ పది చుక్కలు పలకలో వేసుకుని, నలుపును సీసా నుంచి నేరుగా పోయకుండా పళ్ళపుల్ల కొనతో అద్దుకుంటూ కలుపుతాను. యాక్రిలిక్ నలుపు మహా గట్టిది, ఒక్క చుక్క ఎక్కువైతే ఇంకో పది చుక్కల ఓకర్ వృథా. కలిపిన ప్రతిసారీ పాత శుభలేఖ అట్ట వెనక ఒక గీత గీసి, ఆరనిచ్చి చూడండి, ఎందుకంటే తడిలో కనిపించే రంగు వేరు, ఆరాక మిగిలేది వేరు, సాధారణంగా ఒక మెట్టు ముదురుతుంది. కొన్ని సీసాల నలుపులో నీలిఛాయ తక్కువగా ఉండి మిశ్రమం గోధుమకే ఆగిపోతుంది. అప్పుడు మీ రామచిలుక సీసా నుంచే ఒక బొట్టు కలిపితే చాలు. మూడు బండ్లకూ సరిపడా ఒకేసారి కలిపి, మూత బిగుతుగా ఉండే చిన్న డబ్బాలో దాచుకోవాలన్నది మరవకండి. రెండో బండికి మళ్ళీ అదే రంగు కలపగలనని అనుకుని నేను ఒకసారి దెబ్బతిన్నాను. ఆ రెండు బండ్లూ ఇప్పటికీ ఒకే దళంలో సవతి పిల్లల్లా ఉన్నాయి.

కంచు గంట · జూలై 6, ఉదయం 7:20

బందరు కుంచె గారి మిశ్రమం బాగుంది గానీ, నేను దానికి మరో మూడు చుక్కల ఓకర్ కలిపి తేలిక చేస్తాను. 28 మిల్లీమీటర్ల బొమ్మ అసలు మనిషిలో సుమారు అరవయ్యో వంతు. దాన్ని మనం మూడడుగుల దూరం నుంచి చూస్తున్నామంటే, నిజమైన తోపును నూట ఎనభై అడుగుల అవతలి నుంచి చూస్తున్నట్టే లెక్క. అంత దూరంలో గాలి, ధూళి, ఎండ కలిసి ఏ రంగునైనా వెలిసినట్టు చూపిస్తాయి. పైగా బయట సూర్యుడి కింద కనిపించే రంగు మన గదిలోని ఎల్‌ఈడీ దీపం కింద సగానికి సగం నల్లబడుతుంది. ఆయుధాగారపు కొలతను తు.చ. తప్పకుండా పాటిస్తే చారిత్రకంగా ఒప్పే అవుతుంది, చూపుకు తప్పవుతుంది.

తోపుఖానా · జూలై 6, ఉదయం 8:55

కంచు గంట గారూ, దూరపు వాదం మీద నాకు గౌరవం ఉంది కానీ, ఆచరణలో అది ప్రతివారికీ తమకు నచ్చిన రంగు వేసుకోవడానికి దొరికిన అనుమతిపత్రంగా మారుతోంది. ఇదే వేదికలో, బొమ్మ చిన్నది కాబట్టి తేలిక చేశానంటూ ఫ్రెంచి పదాతి కోటుకు ఆకాశనీలం వేసినవారిని చూశాం. అడుగుపూతగా అసలు రంగే వేసి, ఆ పైన అంచుల మీద మాత్రమే తేలిక ఛాయ నడిపితే, దూరపు వెలుగూ వస్తుంది, అసలు రంగూ మిగులుతుంది.

కంచు గంట · జూలై 6, ఉదయం 9:10

ఆ ఆకాశనీలం నాది కాదని మనవి. అంచుల మాటకు ఒప్పుకుంటాను, అడుగుపూత మాటకు మాత్రం ఒప్పుకోను. గోదారి గట్టు గారు రెండు విధాలా ఒక్కొక్క చక్రానికి వేసి, ఆట ఆడే బల్ల మీద, ఆట ఆడే దీపం కింద పెట్టి చూసుకుంటే సరి.

గోదారి గట్టు · జూలై 6, రాత్రి 8:30

ఒక్క రాత్రిలో ఇంత సమాచారమా! అందరికీ కృతజ్ఞతలు. పాత రంగును కడిగేసి మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఇంకో చిక్కు చెప్పాలి. ప్లాస్టిక్‌కు ప్రైమర్ వేయడానికి ఇనుప సామాను దుకాణంలో నల్ల స్ప్రే డబ్బా కొని డాబా మీద కొట్టాను. బొమ్మల మీద పిండి చల్లినట్టు తెల్లటి గరుకు పొర ఏర్పడింది. డబ్బా పాతదా, నేను కొట్టడంలో తప్పా? అలాగే, చక్రాలు అతికించాక రంగు వేయాలా, ముందే వేయాలా?

విశాఖ తడిగాలి · జూలై 6, రాత్రి 9:47

నా పేరే జవాబు. జూలైలో గోదావరి ఒడ్డున, అదీ వాన వెలిసిన సాయంత్రం, స్ప్రే కొడితే పిండి రాలక ఏమవుతుంది? డబ్బాలోంచి బయటపడిన ద్రావకం క్షణాల్లో ఆవిరవుతూ చుట్టూ గాలిని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ సన్నటి మంచులా రంగు పొర మీద దిగుతుంది, ఆ పొర అలాగే గట్టిపడి తెల్లబారుతుంది. ఎండ వేళ కూడా మరీ దూరం నుంచి కొడితే రంగు దారిలోనే ఆరిపోయి గరుకు ఏర్పడుతుంది, అది వేరే రోగం. వర్షాకాలం నాలుగు నెలలూ నేను స్ప్రే జోలికి పోను. సీసాలో దొరికే ప్రైమర్‌ను వెడల్పాటి కుంచెతో పలచగా రెండుసార్లు వేస్తాను. ఒత్తిడి నింపిన డబ్బాలను విమానంలో పంపనివ్వరు కాబట్టి విదేశీ స్ప్రే మనకు ఎలాగూ సులభంగా అందదు. కుంచె ప్రైమర్ అలవాటు చేసుకుంటే ఆ బెంగా ఉండదు.

చక్రాలను విడిగానే రంగు వేయండి. అతికించాక చక్రానికీ బండి పలకకూ మధ్య కుంచె దూరదు. ఇరుసు కొనలూ చక్రపు కుండ లోపలి అంచూ మాత్రం రంగు లేకుండా వదిలేయాలి, ప్లాస్టిక్ జిగురు రంగు మీద పట్టదు.

బందరు కుంచె · జూలై 6, రాత్రి 10:15

చక్రాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా తాతగారి ఎడ్లబండి చక్రం ఊహించుకోండి. కుండ, ఆకులు, వాటిని కలిపే చెక్క వలయం, ఆ పైన ఇనుప పట్టా. ఫ్రెంచి తోపు చక్రం కట్టడం కూడా అదే. చెక్క భాగాలన్నీ బండి రంగులోనే ఉంటాయి, పట్టా మాత్రం ఇనుము. అయితే నేలకు తాకే ముఖం మీద నలుపు ఎన్నాళ్ళు నిలుస్తుంది? నాలుగు మైళ్ళు నడిచిన బండి పట్టా రాళ్ళకు రుద్దుకుని తెల్లగా మెరుస్తుంది, అన్ని ఇనుప భాగాలూ నలుపే అన్న సూత్రానికి అదొక్కటే మినహాయింపు. పట్టా పక్కలకు నలుపు, నేలను తాకే ముఖానికి ముదురు ఉక్కురంగు, దాని మీద కాస్త మట్టిపొడి వేయండి. ఎడ్లబండిని దగ్గరగా చూసిన మనకు ఇది ఎవరూ నేర్పనక్కర లేదు.

కంచు గంట · జూలై 7, ఉదయం 6:50

గొట్టం గురించి ఎవరూ ఎత్తుకోలేదు గనుక నా పేరు నిలబెట్టుకుంటాను. ఆనాటి మైదానపు తోపుల గొట్టాలు కంచువి. రాగి పది వంతులకు తగరం సుమారు ఒక వంతు. ఇంగ్లీషువారు తమ గొట్టాలను ఇత్తడి అని వ్యవహరించినా అవీ కంచే. కంచు బంగారంలా పసుపు కాదు, ఇత్తడి బిందెలా కూడా కాదు. కొత్తగా పోతపోసినప్పుడు ఎర్రజీర ఉన్న పసుపు, వాడకంలో పడ్డాక గోధుమ. అందుకే నేను ముందు ముదురు గోధుమ వేసి, ఆరాక ఇత్తడి రంగులో మూడో వంతు రాగి రంగు కలిపి పలచగా రెండు పూతలు వేసి, గోధుమ వాష్ (బాగా పలచన చేసిన రంగు) పారించి, పైభాగపు అంచులకూ చేతిపిడుల వంపులకూ మాత్రం చివరగా ఇత్తడి అద్దుతాను.

పారిస్‌లోని ఇన్వాలీద్ భవనపు ఆవరణలో నిలబెట్టిన తోపుల ఫోటోలు చూసి చాలామంది గొట్టానికి చిలుము పచ్చ పూస్తున్నారు. ఎన్నో దశాబ్దాలు వానలో నిలిచినందువల్ల వచ్చిన చిలుము అది. గోలందాజులు చేతికింద ఉంచుకుని రోజూ తుడిచిన గొట్టం మీద అది ఉండదు. మీరు వేయవలసిన మరక వేరే ఉంది. గొట్టం మూతి చుట్టూ, వెనకవైపు మందుకు నిప్పంటించే రంజకపు రంధ్రం చుట్టూ మందు పొగ మసి పట్టి ఉంటుంది. నల్ల పొడిని పాత కుంచెతో అక్కడ తట్టండి, ఎక్కువ వద్దు. మూతి లోపల మాత్రం కారునలుపు వేయండి, దానితో ఆట బొమ్మ కాస్తా ఆయుధమవుతుంది.

గన్‌ఫౌండ్రీ బస్టాపు · జూలై 7, మధ్యాహ్నం 1:05

కంచు పోత మాట వినగానే ఆగలేకపోయాను. నేను రోజూ బస్సు దిగే చోట హైదరాబాదులో తోప్ కా సాంచా ఉంది. 1786లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ తోపులు పోయించిన కార్ఖానా అది. ఆయన 1798లో మరణించాడు, అదే సంవత్సరం ఆయన ఫ్రెంచి దళాన్ని ఈస్టిండియా కంపెనీ రద్దు చేయించింది. నెపోలియన్ బొనపార్టు అధికారం చేపట్టింది ఆ మరుసటి ఏడాది. పక్కదారి పట్టానని తోపుఖానా గారు కోప్పడకముందే విషయానికి వస్తాను.

గోదారి గట్టు గారి ఫోటోను పెద్దది చేసి చూస్తే, బండి వెనక రెండు పలకల నడుమ చిన్న పెట్టె ఒకటి కనిపించింది. అది గ్రిబోవాల్ బండి మీది మందుగుండు పెట్టె. ప్రయాణంలో అక్కడ కూర్చుంటుంది, తోపు పేల్చడానికి నిలబెట్టినప్పుడు దాన్ని ఎత్తి, తోపును గుర్రాలకు తగిలించే ముందుబండి మీదికి మార్చేవారు. నాలుగు పౌండ్ల గుండు పేల్చే తోపుకు 18 గుండ్లు, ఎనిమిది పౌండ్లకు 15, పన్నెండు పౌండ్లకు 9 అందులో పట్టేవి. మీ గోలందాజు ఒకడు తుడుపుకర్ర గొట్టంలో దూర్చి ఉన్నాడు, ఇంకొకడు వత్తి పట్టుకుని ఉన్నాడు, పెట్టె మాత్రం వెనకే ఉంది. అంటే నిప్పురవ్వలు ఎగిరే చోట మందు పెట్టె! అతికించకపోతే తీసేయండి, అతికించేసి ఉంటే మన్నించేయండి.

తోపుఖానా · జూలై 7, సాయంత్రం 6:22

కోపం లేదు, పెట్టె గమనిక చాలా విలువైనది. దానికి ఇంకొకటి చేరుస్తాను. ఫ్రెంచి విప్లవ క్యాలెండరు లెక్కన పదకొండో సంవత్సరపు పద్ధతి అనే పేరుతో 1803లో ఆరు పౌండ్ల తోపును ప్రవేశపెట్టారు. శత్రువుల వద్ద ఆరు పౌండ్ల తోపులు విరివిగా ఉండడం, పట్టుబడిన మందుగుండు ఉపయోగించుకునే వీలు ఉండడం అందుకు ఒక కారణం. 1805 నవంబరులో వియన్నా ఆయుధాగారం చేజిక్కాక ఆస్ట్రియా తోపులు పెద్ద సంఖ్యలో ఫ్రెంచి సేనలోకి చేరాయి. కాబట్టి వాగ్రాం దళంలో మూడు తోపులకు ఒకటి ఓకర్ పసుపు బండి మీద ఉంచినా ఎవరూ తప్పు పట్టలేరు, పైగా అది చూడముచ్చటగా కూడా ఉంటుంది. బొమ్మ మాత్రం ఆస్ట్రియా తోపుదే కావాలి, గ్రిబోవాల్ బండికి పసుపు పూసి ఆస్ట్రియాది అనకూడదు.

లీడ్స్ గోలందాజు · జూలై 7, రాత్రి 11:48

నాకు ఇక్కడ ఇంకా సాయంత్రమే. నేను వేసేవన్నీ బ్రిటిష్ తోపులు కాబట్టి పచ్చ గొడవ నాకు లేదు, మా గొడవ బూడిదరంగు. మధ్యస్థ బూడిదలో కొద్దిగా నీలం కలిపితే సరిపోతుంది. అయితే ఆకారం గురించి ఒక మాట. ఫ్రెంచి బండికి వెనక తోక రెండు పలకలతో ఉంటుంది, కాంగ్రీవ్ రూపొందించిన బ్రిటిష్ బండికి ఒకే దూలం. పలకల మధ్య ఖాళీ లేనందువల్ల బ్రిటిష్ తోపుకు రంగు వేయడం సగం పని. ఫ్రెంచివారి తోపును ఎంచుకున్నవారు ఆ పలకల లోపలి ముఖాలకు ముందే రంగు వేసుకోవాలి, లేకపోతే ఆట మధ్యలో ఎవరో ఒకరు పైనుంచి తొంగి చూసి ప్లాస్టిక్ బూడిదరంగు కనిపెడతారు. నాకు అనుభవమే.

బందరు కుంచె · జూలై 8, ఉదయం 10:30

గోదారి గట్టు గారు మనుషుల సంగతి గట్టెక్కిందన్నారు గానీ, ఫోటోలో కోట్ల నీలం మరీ వెలుగుగా ఉంది. పాద గోలందాజులది ముదురు నీలం కోటు, ముదురు నీలం ఛాతీ పట్టీలు, ముదురు నీలం లాగు. నీలం మీద నీలం కావడంతో ఆ పట్టీల అంచున పోయే ఎర్ర నూలంచే వాటిని విడదీసి చూపిస్తుంది. అది గీయలేక చాలామంది భయపడతారు. గీయవద్దు. ఛాతీ పట్టీ మొత్తానికీ ముందు ఎరుపు వేయండి, ఆ తర్వాత మధ్యలో నీలం నింపుతూ అంచున వెంట్రుకవాసి ఎరుపు మిగల్చండి. గీత గీయడం కంటే గీత మిగల్చడం ఎన్నో రెట్లు సులువు. నీలానికి వెలుగు ఛాయగా తేలిక నీలం వాడితే బొమ్మ బడి యూనిఫారం తొడుక్కున్నట్టు ఉంటుంది, నీలిబూడిద వాడండి. ముంజేతి పట్టీలూ, కోటు వెనక మడతలూ, భుజాల కుచ్చులూ ఎరుపు.

విశాఖ తడిగాలి · జూలై 8, మధ్యాహ్నం 12:02

తోపును లాగే గుర్రాల బండి కూడా చేస్తారా? చేస్తే సారథులకు ఇదే నీలం వేసేయకండి. 1800 జనవరి వరకు ఫ్రెంచి తోపులను లాగినవారు జీతానికి కుదుర్చుకున్న పౌర గుత్తేదారుల మనుషులు. వారు గుండ్ల వానలో గుర్రాలను వదిలి పారిపోతున్నారని బొనపార్టు వారి స్థానంలో సైనిక దళాన్ని ఏర్పాటు చేశాడు. వీరిది ఇనుపబూడిద రంగు కోటు, ముదురు నీలం పట్టీలు. ఎనిమిది పౌండ్ల తోపుకు నాలుగు గుర్రాలు, పన్నెండు పౌండ్లకు ఆరు. రెండేసి గుర్రాలకు ఒక సారథి, ఎడమ గుర్రం మీద స్వారీ. జంట గుర్రాలకు ఒకే రంగు వేయడం అందంగా ఉంటుంది గానీ, యుద్ధం మధ్యలో ఎవరికీ అంత ఎంపిక దొరకదు, అందుకని నేను గోధుమల్లోనే మూడు ఛాయలు వాడతాను.

గోదారి గట్టు · జూలై 20, రాత్రి 9:35

ఆలస్యానికి క్షమించండి, ఆఫీసు పని మీద పడింది. మూడు తోపులూ పూర్తయ్యాయి, ఫోటోలు జతచేశాను. కంచు గంట గారు చెప్పినట్టే రెండు చక్రాలకు రెండు రకాలుగా వేసి, హాలులో దీపం కింద పెట్టి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో వారిని అడిగాను. మా ఆవిడ తేలిక చక్రాన్ని ఎంచింది, మా నాన్నగారు ముదురుదాన్ని ఎంచారు. చివరికి తోపుఖానా గారి ముదురు అడుగుపూతే వేసి, అంచులను కంచు గంట గారు చెప్పినంత తేలిక చేశాను. మిశ్రమం మిగిలింది, డబ్బా మీద 'గోంగూర' అని చీటీ అతికించాను. దాన్ని మా అమ్మ ఫ్రిజ్ పక్కన చూసి మూత తీసింది, ఆ కథ వేరే.

గొట్టాలకు రాగి కలిపిన ఇత్తడి బాగా కుదిరింది. మందుగుండు పెట్టెలు రెండింటిని ఊడదీయగలిగాను గానీ, మూడోదాన్ని లాగితే పలక విరిగేలా ఉంది. వదిలేశాను.

గన్‌ఫౌండ్రీ బస్టాపు · జూలై 20, రాత్రి 9:58

చాలా బాగున్నాయండీ. మూడోదాని చుట్టూ గోలందాజులను పేల్చే భంగిమలో అతికించకండి. ఇద్దరిని మోకులు భుజాన వేసి బండిని ముందుకు లాగుతున్నట్టు నిలబెడితే పెట్టె ఉండవలసిన చోటే ఉన్నట్టవుతుంది. 1807 జూన్ 14న ఫ్రీడ్‌లాండ్ దగ్గర ఫ్రెంచి ఫిరంగిదళ సేనాని సెనార్మాన్ తన 30 తోపులను అంచెలంచెలుగా శత్రువు ముఖం మీదికి తీసుకుపోయాడు కదా, తోపు కదులుతూ ఉండడంలో వింతేమీ లేదు.

గోదారి గట్టు · జూలై 20, రాత్రి 10:06

పెట్టెలో మోకు పట్టుకున్న మనిషి ఒక్కడే ఉన్నాడు. రెండోవాడికి తుడుపుకర్ర కోసి, కుట్టుపని దారం పెట్టి చూస్తాను. ఆదివారం ఫోటో పెడతాను.